చలికాలంలో ఏవ్‌బరీ చుట్టూ ఒక పగటి నడక: ఎలా సిద్ధం కావాలి, ఎలా నడవాలి

నవంబరు నెల దాటగానే ఇంగ్లండులో ఉంటున్న మనవాళ్లు నన్ను ఒకే మాట అడుగుతుంటారు. క్రిస్మస్ సెలవుల్లో ఇంట్లో కూర్చోలేకపోతున్నాము, ఊరి బయట పొలాల మధ్య నడవాలని ఉంది, కానీ చలి, బురద, నాలుగు గంటలకే చీకటి, ఇవన్నీ తలచుకుంటే ధైర్యం చాలడం లేదు, ఎక్కడికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి అని. అందరికీ విడివిడిగా చెప్పే బదులు, నాకు బాగా తెలిసిన ఒక్క ఊరిని తీసుకుని, ఇంట్లో బయలుదేరినప్పటి నుంచి తిరిగి వచ్చి బూట్లు ఆరబెట్టేవరకు ఏమి చేయాలో వరుసగా రాస్తున్నాను.

ఆ ఊరు విల్ట్‌షైర్‌లోని ఏవ్‌బరీ. ప్రపంచంలో అతి పెద్ద రాతి వలయం మధ్యలో ఇళ్లు, వీధి, పబ్ ఉన్న చిన్న గ్రామం ఇది. స్టోన్‌హెంజ్‌తో కలిపి 1986లో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా యునెస్కో గుర్తించింది. ఇక్కడ రాళ్ల మధ్య నడవడానికి టికెట్టు లేదు, తాడు కట్టి ఎవరూ దూరంగా ఆపరు. చలికాలంలోనే వెళ్లమని నేను ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. చెట్లకు ఆకులు, పొలాల్లో ఎత్తయిన పైరు లేనప్పుడు ఐదు వేల ఏళ్ల నాటి దిబ్బలు, కట్టలు, రాళ్ల వరుసలు ఒకదానికొకటి ఎలా కనిపించేవో స్పష్టంగా తెలుస్తుంది. దానికి తోడు ఆకాశంలో కిందుగా ఉండే సూర్యుడు నేల మీది ప్రతి చిన్న ఎత్తుపల్లానికీ నీడ వేసి చూపిస్తాడు. అయితే ఈ నడకను నడిపించేవి రెండే రెండు: పగటి వెలుతురు, నేలలోని తడి. కింద రాసిన ప్రతి జాగ్రత్తా ఈ రెండింటి చుట్టూ తిరిగేదే.

ముందుగా ఏ దారి మీకు సరిపోతుందో తేల్చుకోండి

పెద్ద దారి సుమారు 11 కిలోమీటర్లు. ఊరి నుంచి వాగు వెంట సిల్బరీ హిల్ అనే పెద్ద దిబ్బ, అక్కడి నుంచి వెస్ట్ కెన్నెట్ లాంగ్ బారో అనే సమాధి, ఈస్ట్ కెన్నెట్ గ్రామం, శాంక్చువరీ అనే పాత రాతి వలయపు చోటు, ఆ తర్వాత రిడ్జ్‌వే అనే గట్టుదారి మీదుగా తిరిగి రాతి వలయానికి చేరడం. చిన్న దారి సుమారు 6 కిలోమీటర్లు. ఇందులో లాంగ్ బారో వరకు వెళ్లి అదే దారిన తిరిగి వచ్చి, రాతి వలయం చూస్తారు. పదేళ్లలోపు పిల్లలు ఉంటే, లేదా ఇంతకుముందు చలికాలంలో పొలాల మీద నడిచిన అలవాటు లేకపోతే, మొదటిసారి చిన్న దారే ఎంచుకోండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకువెళ్లవచ్చా అని చాలామంది అడుగుతారు. తీసుకువెళ్లవచ్చు, కానీ వాళ్లకు ఊరు, రాతి వలయం, చర్చి, మ్యూజియం చాలు. అక్కడ కూడా తడి గడ్డి మీదనే నడవాలి కనుక, చీర కట్టుకునే పెద్దవాళ్లు ఆ ఒక్కరోజుకు థర్మల్ లెగ్గింగుల మీద ప్యాంటు వేసుకుంటే మంచిది. తడిసిన చీర అంచు కాళ్లకు చుట్టుకుని జారిపడే ప్రమాదం ఉంది. పిల్లల తోపుడు బండి గేట్ల దగ్గరా బురదలోనూ ముందుకు సాగదు. పసిబిడ్డ ఉంటే వీపుకు తగిలించుకునే క్యారియర్ తీసుకోండి, కానీ అందులో కదలకుండా కూర్చున్న బిడ్డకు నడిచే మీకంటే ఎక్కువ చలి వేస్తుందని మరిచిపోకుండా మధ్యమధ్య చేతులు, పాదాలు తాకి చూడండి.

కావలసినవి

బట్టల విషయంలో మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు జీన్స్. జీన్స్ తడిస్తే ఆరదు, బరువెక్కుతుంది, గాలి తగిలినప్పుడు కాలిలోని వేడినంతా లాగేస్తుంది. నూలు బనియను కూడా చెమటకు తడిసి వీపుకు అంటుకుని చల్లబడుతుంది. ఒంటికి ఆనుకుని ఉన్ని లేదా సింథటిక్ థర్మల్, దాని మీద ఒక ఫ్లీస్ లేదా స్వెటర్, అన్నిటి మీద గాలీ నీరూ ఆపే రెయిన్‌ జాకెట్, ఇలా మూడు పొరలు వేసుకోండి. లావుపాటి ఒక్క కోటు వేసుకోవడం కంటే ఇదే మేలు, ఎందుకంటే ఎత్తు ఎక్కేటప్పుడు ఒక పొర తీసి, ఆగినప్పుడు మళ్లీ వేసుకోవచ్చు. ఖర్చు పెట్టడం ఇష్టం లేకపోతే జిమ్‌కు వేసుకునే సింథటిక్ టీషర్టు, ట్రాక్‌ ప్యాంటు మొదటి పొరకు సరిపోతాయి.

కాళ్లకు చీలమండ పైదాకా వచ్చే, నీరు లోపలికి రాని, అడుగున లోతైన గాళ్లున్న బూట్లు కావాలి. మామూలు రన్నింగ్ షూస్ ఇక్కడి సుద్ద నేల మీద సబ్బు మీద నడిచినట్టు జారతాయి. గమ్‌బూట్లు చిన్న దారికి బాగుంటాయి కానీ పెద్ద దారి మీద మడమలు ఒరుసుకుంటాయి. చలికి భయపడి రెండు జతల లావు సాక్సులు తొడిగి బూటును బిగించకండి. రక్తప్రసరణ తగ్గి పాదాలు ఇంకా చల్లబడతాయి. ఒక మంచి ఉన్ని సాక్సుల జత తొడుక్కుని, మరొక పొడి జతను ప్లాస్టిక్ కవరులో పెట్టి సంచిలో ఉంచుకోండి.

ఇవి కాక టోపీ, చేతి తొడుగులు, తలకు కట్టుకునే టార్చి (ఫోన్ టార్చి దీనికి బదులు కాదు), ఫ్లాస్కులో వేడి టీ, నీళ్లు, చిన్న ప్రథమ చికిత్స పెట్టె, పవర్ బ్యాంకు, నడక కర్ర తీసుకోండి. భోజనానికి పులిహోర మంచిదే, చల్లబడినా రుచి తగ్గదు. కానీ బురద చేతులతో, చేతులు కడుక్కునే చోటు లేకుండా తినాలి కనుక స్పూను మరవకండి. చుట్టి తెచ్చుకున్న చపాతీలు తొడుగులు తీయకుండానే తినవచ్చు కాబట్టి నేను వాటికే ఓటేస్తాను.

పటం విషయానికి వస్తే, ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ 157, అంటే మార్ల్‌బరో, సావర్నేక్ ఫారెస్ట్ ప్రాంతపు పటం. దాని మీద 4 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. ఫోన్‌లో పటం ఉంటే చాలదా అంటే, చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా పడిపోతుంది, తడి వేళ్లకు తెర స్పందించదు. ఫోన్‌నే వాడుకోండి, కాగితాన్ని సంచిలో ఉంచుకోండి.

నడక

1. బయలుదేరే ముందు రోజు మూడు సంగతులు చూసుకోండి. మొదటిది సూర్యాస్తమయం. డిసెంబరు చివరలో ఇక్కడ ఉదయం ఎనిమిది దాటాక వెలుతురు వస్తుంది, సాయంత్రం సుమారు నాలుగింటికి సూర్యుడు అస్తమిస్తాడు. జనవరి చివరికి సాయంత్రం మరో నలభై నిమిషాలకు పైగా కలిసి వస్తుంది. రెండవది మెట్ ఆఫీసు వాతావరణ సూచన, అందులోనూ ఉష్ణోగ్రత కంటే గాలి వేగం ముఖ్యం. రిడ్జ్‌వే మీద గాలిని ఆపే చెట్లు తక్కువ. మూడవది వరద హెచ్చరికలు.

ఈ మూడవ దానిలోనే చాలామంది మోసపోతారు. వాన ఆగి మూడు రోజులైంది కదా, దారి ఆరి ఉంటుందని అనుకుంటారు. ఇక్కడి నేల సుద్దరాయి. కురిసిన నీరంతా లోపలికి ఇంకి, నెలల తరబడి భూగర్భంలో మట్టం పెరిగి, చలికాలం నడుమ నుంచి ఊటలుగా పైకి వస్తుంది. ఊరి పక్కన పారే వాగును ఇక్కడివారు వింటర్‌బోర్న్ అంటారు. చలికాలంలో మాత్రమే పారే వాగు అని ఆ మాటకు అర్థం. మన వాగులు వాన పడిన గంటకు పొంగి మర్నాటికి తగ్గుతాయి, ఇది అలా కాదు. జనవరి నుంచి మార్చి వరకు ఎండ కాస్తున్న రోజున కూడా వాగు పక్క దారి నీట మునిగి ఉండవచ్చు.

2. ఉదయం తొమ్మిదిన్నరకల్లా ఏవ్‌బరీలో ఉండేటట్టు చేరుకోండి. కారులో వచ్చేవారు ఊరికి దక్షిణంగా ఏ4361 రోడ్డు మీద ఉన్న నేషనల్ ట్రస్ట్ (వారసత్వ స్థలాలను కాపాడే సంస్థ) పార్కింగులో ఆపాలి. రుసుము ఉంది, ట్రస్టు సభ్యులకు ఉచితం. ఊళ్లో ఇళ్ల ముందు, పొలం గేట్ల ముందు ఆపకండి, చలికాలంలోనూ ఆ గేట్ల గుండా ట్రాక్టర్లు తిరుగుతాయి. కారు లేనివారు లండన్ ప్యాడింగ్టన్ నుంచి రైలులో సుమారు గంటలో స్విండన్ చేరి, అక్కడ ఏవ్‌బరీ మీదుగా డివైజెస్ వైపు వెళ్లే 49 నంబరు బస్సు ఎక్కవచ్చు. తిరుగు బస్సు వేళను ముందే రాసి పెట్టుకోండి. ఆదివారాలు బస్సులు తక్కువ, క్రిస్మస్ రోజున ఉండవు. డిసెంబరు 21, 22 తేదీల్లో ఉత్తరాయణ ఆరంభ సూర్యోదయాన్ని చూడడానికి డ్రూయిడ్లు అనే ప్రకృతి ఆరాధకులు, ఇతరులు రాళ్ల దగ్గర చేరుతారు. ఆ వేడుక కోసం కాకపోతే ఆ రెండు రోజులూ మానుకోండి, పార్కింగు దొరకదు.

3. రాతి వలయాన్ని చివరికి ఉంచి, ముందు వాగు దారి పట్టండి. ఎదురుగా కనిపిస్తున్న రాళ్లను వదిలి వెళ్లడానికి మనసొప్పదు, అయినా ఈ క్రమాన్ని పాటించండి. మంచు కురిసిన రాత్రి తర్వాత ఉదయం పది, పదకొండు వరకు బురద గడ్డకట్టి గట్టిగా ఉంటుంది. అన్నిటికంటే తడిగా ఉండే భాగాన్ని అప్పుడే దాటేయాలి. మధ్యాహ్నం అదే చోట చీలమండ లోతు దిగబడతారు. పైగా రోజు చివర ఆలస్యమైనా మీరు ఊళ్లో దీపాల మధ్య ఉంటారు.

పార్కింగు నుంచి ఏ4361 రోడ్డు దాటితే వాగు పక్కన దక్షిణానికి వెళ్లే కాలిదారి దొరుకుతుంది. సరైన దారిలోనే ఉన్నారా అని తెలుసుకోవడానికి, ఎడమ చేతి వైపు వేడన్ హిల్ అనే పొడవాటి గుట్ట ఉండాలి, కుడి ముందు భాగంలో కొంతసేపటికి బోర్లించిన గిన్నె లాంటి సిల్బరీ కనిపించాలి. దారి నీట మునిగి ఉంటే అడుగు కనిపించని నీటిలో దిగకండి. కర్రతో లోతు చూడండి. బూటు పైఅంచు దాటేంత ఉంటే వెనక్కి తిరిగి, ఆ రోజుకు వలయం, దాని దక్షిణ ద్వారం నుంచి సాగే ఎవెన్యూ అనే జంట రాళ్ల వరుస చూడడంతో సరిపెట్టుకోవడమే తెలివైన పని. పక్క పొలంలో కంచె దాటి చుట్టూ తిరిగి వెళ్లడం తగదు. చలికాలపు గోధుమ మొలకలు పచ్చగడ్డిలాగే కనిపిస్తాయి, వాటిని తొక్కితే ఒక రైతు పైరు తొక్కినట్టే.

4. సిల్బరీ హిల్‌ను కింద నుంచే చూడండి. ఎక్కవచ్చా అనేది నన్ను తరచుగా అడిగే ప్రశ్న. ఎక్కకూడదు. ఇది సుమారు 30 మీటర్ల ఎత్తున, క్రీస్తు పూర్వం 2400 ప్రాంతంలో మనుషులు చేతులతో సుద్ద, మట్టి మోసి పోసిన దిబ్బ. యూరప్‌లో చరిత్రకు పూర్వం మనిషి కట్టిన దిబ్బలన్నిటిలోకీ ఇదే పెద్దది. లోపల ఏముందో చూడాలని 1776లో శిఖరం నుంచి కిందికి తవ్విన గొయ్యి 2000లో కుంగిపోయి, పైన పెద్ద రంధ్రం పడింది. 2007, 2008లలో దానిని సుద్దతో నింపి సరిచేశారు. ఎవరో నడిచిన గుర్తులు కనిపించినా, కంచె తక్కువ ఎత్తున ఉన్నా లోపలికి వెళ్లకండి. ఎక్కనందువల్ల మీరేమీ కోల్పోరు, ఎందుకంటే చలికాలంలో దాని అసలు అందం కిందనే ఉంది. ఇందాక చెప్పిన భూగర్భ జలం పైకి వచ్చి దిబ్బ చుట్టూ ఉన్న పల్లాన్ని నింపుతుంది. గాలి లేని ఉదయాన దిబ్బ మొత్తం ఆ నీటిలో తలకిందులుగా కనిపిస్తుంది. వేసవిలో వచ్చేవారికి ఈ దృశ్యం దొరకదు.

5. ఏ4 రోడ్డు దాటి లాంగ్ బారోకు ఎక్కండి. ఈ రోడ్డు మీద వాహనాలు చాలా వేగంగా వస్తాయి, చలికాలంలో కిందుగా ఉండే ఎండ డ్రైవర్ల కళ్లలో పడుతుంది. పిల్లల చేయి పట్టుకుని, రెండు వైపులా ఖాళీ అయ్యేదాకా ఆగి దాటండి. అవతల గేటు గుండా కెన్నెట్ నది మీది చిన్న వంతెన దాటి పొలం అంచున పైకి వెళ్లాలి. ఎక్కుతున్నప్పుడు చెమట పడుతుంది కాబట్టి గేటు దగ్గరే ఒక పొర తీసేయండి. పైకి చేరగానే, చల్లబడకముందే, మళ్లీ వేసుకోండి.

వెస్ట్ కెన్నెట్ లాంగ్ బారో సుమారు 100 మీటర్ల పొడవైన మట్టి దిబ్బ. దాని తూర్పు కొసన నిలువెత్తు రాళ్ల వెనుక రాతి గదులున్నాయి. క్రీస్తు పూర్వం 3650 ప్రాంతంలో కట్టిన ఈ సమాధిలో కనీసం 36 మంది అస్థికలు దొరికాయి. లోపలికి వెళ్లవచ్చు. ముందు టార్చి వెలిగించుకుని నేల చూడండి, నీరు నిలిచి ఉండవచ్చు. తల వంచి మెల్లగా వెళ్లండి. మనకు ఇలాంటి చోట చేయి ఊరుకోదు కనుక ఒక మాట చెప్పక తప్పదు: దీపం పెట్టవద్దు, అగరువత్తి వెలిగించవద్దు, రాళ్లకు పసుపు కుంకుమలు రాయవద్దు, నాణేలు గుచ్చవద్దు. మంట వేడికి రాళ్లు పగులుతాయి, మసి పడితే పోదు. వచ్చినవారు కొవ్వొత్తులు పెట్టడం వల్ల ఇక్కడి రాళ్లకు ఇప్పటికే మసి మరకలు పడ్డాయి. నమస్కారం పెట్టుకుని రండి, అది చాలు.

6. ఇక్కడ గడియారం చూసి నిర్ణయం తీసుకోండి. లాంగ్ బారో దగ్గర మధ్యాహ్నం పన్నెండు లోపు ఉంటే పెద్ద దారి కొనసాగించవచ్చు. పన్నెండు దాటితే, డిసెంబరు, జనవరి నెలల్లో, వచ్చిన దారినే తిరగండి. దీనికి లెక్క సులభం. వేసవిలో గంటకు ఐదు కిలోమీటర్లు నడిచేవారు ఈ బురదలో మూడే నడుస్తారు. ఇక్కడి నుంచి పెద్ద దారిలో ఇంకా సుమారు ఎనిమిదిన్నర కిలోమీటర్లు ఉంది, అంటే ఆగకుండా నడిచినా దాదాపు మూడు గంటలు పడుతుంది. నేను మొదటిసారి వచ్చిన డిసెంబరులో ఈ లెక్క వేసుకోకుండా ఒంటిగంటకు ముందుకు సాగాము. రిడ్జ్‌వే మీద చీకటి పడింది. బండ్ల చక్రాలు చేసిన లోతైన గాళ్లలో నీరు ఎక్కడుందో, గట్టి నేల ఎక్కడుందో తెలియక, రెండు కిలోమీటర్లకు గంటకు పైగా పట్టింది. అప్పటి నుంచి ఈ పన్నెండు గంటల నియమాన్ని ఎవరు బతిమాలినా సడలించడం లేదు.

7. పెద్ద దారి పట్టినవారు తూర్పుగా ఈస్ట్ కెన్నెట్ వైపు దిగండి. పొలం గట్ల మీది ఈ భాగమే అన్నిటికంటే ఎక్కువ మందిని పడేస్తుంది. పాదాన్ని మడమ మీద కాకుండా మొత్తం అడుగు ఆనేటట్టు, చిన్న చిన్న అడుగులు వేస్తూ దిగండి. గేట్లు ఎలా ఉంటే అలాగే వదలండి, అంటే మూసి ఉన్నది మూయండి, తెరిచి ఉన్నది తెరిచే ఉంచండి. స్తంభాల మీది బాణం గుర్తులు చదవడం నేర్చుకోండి: పసుపు బాణం కాలినడకకు, నీలం గుర్రాలకూ సైకిళ్లకూ కూడా, ఎరుపు బాణం బండ్లు కూడా వెళ్లగల దారికి. ఏ గుర్తూ లేని గేటు కనిపిస్తే అది మీ దారి కాదని పటం తీయాలి.

ఈస్ట్ కెన్నెట్ నుంచి ఉత్తరానికి ఎక్కితే ఏ4 పక్కన శాంక్చువరీ వస్తుంది. ఇక్కడ చూడడానికి చిన్న కాంక్రీటు దిమ్మెలే ఉన్నాయి, నిరాశపడవద్దు. ఇక్కడి రాతి వలయాన్ని 1720లలో పొలం కోసం కూల్చివేశారు. పురాతన కట్టడాలను పరిశీలించిన విలియం స్టూక్లీ అప్పుడే చూసి బొమ్మ గీసి ఉంచకపోతే, 1930లో పురావస్తు పరిశోధకురాలు మాడ్ కన్నింగ్టన్ దానిని తిరిగి కనుగొనడం కష్టమయ్యేది. దిమ్మెలు పాత రాళ్లు, కర్ర స్తంభాలు ఉన్న చోట్లను చూపుతాయి. భోజనానికి మాత్రం ఇక్కడ కూర్చోకండి, గాలి ఎక్కువ. ఈస్ట్ కెన్నెట్‌లోనే ఏదో ఒక గోడ చాటున తినేసి ఎక్కండి.

8. ఏ4ను మరోసారి జాగ్రత్తగా దాటి రిడ్జ్‌వే మీదికి రండి. ఇక్కడ ఓవర్టన్ హిల్ దగ్గర మొదలై ఐవింగో బీకన్ వరకు 139 కిలోమీటర్లు సాగే జాతీయ నడకదారి ఇది. దీని గుర్తు ఓక్ కాయ. ఆ గుర్తు కనిపిస్తూ ఉంటే మీరు సరిగ్గానే వెళ్తున్నారు. సుమారు 2.8 కిలోమీటర్లు ఉత్తరానికి నడిచాక ఒక నాలుగు దారుల కూడలి వస్తుంది. అక్కడ ఎడమకు తిరగాలి. ఈ మలుపు తప్పిపోవడం సాధారణ పొరపాటు, ఎందుకంటే రిడ్జ్‌వే ముందుకు అంతే వెడల్పుగా, అంతే ఆకర్షణీయంగా సాగిపోతుంది. సరిగ్గా తిరిగారో లేదో చూసుకోవాలంటే, తిరిగిన తర్వాత దారి కిందికి దిగుతూ ఉండాలి, సాయంకాలపు సూర్యుడు మీకు ముందు ఎడమ వైపున ఉండాలి. కూడలికి కుడి వైపున, తూర్పుగా ఉన్న ఫైఫీల్డ్ డౌన్‌లో ఏవ్‌బరీ రాళ్లలాంటి సార్సెన్ (గట్టి ఇసుకరాయి) బండలు సహజంగా నేల మీద పడి ఉన్నాయి. పడుకున్న గొర్రెల్లా ఉంటాయని స్థానికులు వాటిని గ్రే వెదర్స్ అంటారు. చూడదగినవే, కానీ అది చలికాలపు పని కాదు, మార్చి తర్వాతకు ఉంచుకోండి.

పొగమంచు కమ్మితే పరుగెత్తకండి. అందరూ ఒకరినొకరు చూడగల దూరంలోకి వచ్చి, దారి అంచు వదలకుండా నడవండి. ఎవరైనా పడి లేవలేకపోతే 999 లేదా 112కు ఫోన్ చేయండి. మాట సరిగా వినిపించని చోట సందేశం పంపే వీలు కూడా ఉంది, అయితే దానికి ముందుగానే మీ ఫోన్ నుంచి ‘రిజిస్టర్’ అనే ఇంగ్లీషు మాటను 999కు సందేశంగా పంపి నమోదు చేసుకోవాలి. ఇది ఇంట్లో ఉన్నప్పుడే చేసేయండి.

9. తూర్పు ద్వారం గుండా రాతి వలయంలోకి ప్రవేశించండి. ఎడమా కుడీ ఎత్తయిన మట్టి కట్ట, దాని లోపలి వైపు కందకం కనిపిస్తాయి. ఇప్పుడు సగం పూడిపోయినట్టున్న ఈ కందకం తవ్విన కాలంలో సుమారు 9 మీటర్ల లోతు ఉండేది. చేతిలో జింక కొమ్ములే పలుగులుగా వాడి సుద్దను ఇంత లోతు తవ్వారు. కట్ట మీదికి గడ్డి కోసుకుపోయిన చోట ఎక్కవద్దు, కంచె వేసి మూసిన భాగాలు ఉంటే పక్క నుంచి వెళ్లండి. ఆకులు రాలిన బీచ్ చెట్ల వేర్లు ఇక్కడ నేల మీద వలలా అల్లుకుని ఉంటాయి. తడిగా ఉన్నప్పుడు వాటి మీద కాలు పెడితే జారక తప్పదు.

రోడ్లు వలయాన్ని నాలుగు భాగాలు చేస్తాయి. సమయం తక్కువగా ఉంటే రెండు భాగాలే చూడండి. ఈశాన్య భాగంలో కోవ్ అనే రెండు మహాశిలలు ఉన్నాయి, వాటిలో ఒకటి వంద టన్నులకు పైగా ఉంటుందని అంచనా. నైరుతి భాగంలో రాళ్ల వరుస బాగా నిలిచి ఉంది. అక్కడి ఒక రాయికి బార్బర్ స్టోన్ అని పేరు. మధ్యయుగంలో ఊరివారు ఈ రాళ్లను గోతులు తీసి పాతిపెట్టేవారు. 1938లో ఆ రాయి కింద ఒక మనిషి అస్థిపంజరం, కత్తెర, 1320ల నాటి నాణేలు దొరికాయి. ఆ రాళ్లను తిరిగి నిలబెట్టినవాడు అలెగ్జాండర్ కీలర్, మార్మలేడ్ వ్యాపార కుటుంబపు వారసుడు. రాళ్లు పూర్తిగా పోయిన చోట్ల ఆయన కాంక్రీటు గుర్తులు పెట్టాడు, వాటిని చూసి ఇవేమిటని అయోమయపడవద్దు. పోయిన రాళ్లు ఎక్కడికి పోయాయో తెలుసుకోవాలంటే ఊరి ఇళ్ల గోడలు చూడండి. పద్దెనిమిదవ శతాబ్దం నాటికి మంటతో కాల్చి పగలగొట్టిన సార్సెన్ ముక్కలు ఆ గోడల్లో ఉన్నాయి. నారాయణపేట జిల్లాలోని ముడుమాల్ నిలువురాళ్లను చూసినవారికి ఈ పొలాల మధ్య నిలబడితే మనసుకు ఏదో తెలిసిన చోటే అనిపిస్తుంది. నాకు మాత్రం ప్రతిసారీ అలాగే అనిపిస్తుంది.

చిన్న దారి నడిచినవారికి ఇక్కడ సమయం మిగులుతుంది కాబట్టి, దక్షిణ ద్వారం నుంచి వెస్ట్ కెన్నెట్ ఎవెన్యూ వెంట అరకిలోమీటరు దాకా వెళ్లి రండి. సన్నగా పొడవుగా ఉన్న రాయి, వెడల్పుగా వజ్రాకారంలో ఉన్న రాయి జతలు జతలుగా నిలబడి ఉంటాయి. మధ్యాహ్నం రెండున్నర, మూడు గంటల మధ్య ఎండ పక్క నుంచి పడి రాళ్ల మీది గరుకుదనమంతా కనిపిస్తుంది, ఫోటోలు తీసుకోవడానికి అదే సమయం. గొర్రెలు మేస్తుంటే వాటి మధ్య నుంచి కాక పక్క నుంచి వెళ్లండి, కుక్క ఉంటే తాడు విడవకండి.

10. వేడిగా తిని, పొడి సాక్సులు మార్చుకుని బయలుదేరండి. వలయం లోపలే ఉన్న ది రెడ్ లయన్ పబ్‌కు వెళ్లేవారు వంటగది వేళలు ముందే అడిగి పెట్టుకోవడం మంచిది, సెలవుల్లో ఇంగ్లండు పబ్బుల వేళలు మారుతుంటాయి. శాకాహారులు కూడా ముందే అడగాలి. బురద బూట్లతో లోపలికి రావచ్చా అని గుమ్మంలోనే అడగండి, కాదంటే విప్పి కవరులో పెట్టండి. కారులో వచ్చినవారు డిక్కీలో ఒక పాత దుప్పటి, మామూలు చెప్పులు ఉంచుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

ఇంటికి వచ్చాక చూసుకోవలసినవి

మరుసటిసారికి ఏమి మార్చుకోవాలో మీ బట్టలే చెబుతాయి. సాక్సులు వేళ్ల దగ్గర తడిస్తే బూటు కుట్టు దగ్గర నీరు పడుతోంది, మైనం లాంటి పూత వేయాలి. చీలమండ దగ్గర తడిస్తే నీరు పైనుంచి వచ్చింది, కాలికి చుట్టుకునే గెయిటర్లు కొనుక్కోవాలి. జాకెట్ పొడిగా ఉండి లోపలి పొర మాత్రం తడిసిందంటే అది మీ చెమటే, ఒక పొర ఎక్కువ వేసుకున్నారన్న మాట. మడమ ఎర్రబడితే బూటు వదులుగా ఉంది. అరికాళ్లు చల్లగా మొద్దుబారి ఉంటే బూటు బిగుతుగా ఉంది.

బూట్ల బురదను ఆరకముందే చల్లటి నీటితో, పాత బ్రష్‌తో కడగండి. సుద్ద బురద ఆరితే సున్నం పూతలా పట్టుకుంటుంది, తోలును ఎండగడుతుంది. లోపల పాత న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, రెండు గంటలకొకసారి మార్చుతూ, గాలి ఆడే చోట ఉంచండి. త్వరగా ఆరాలని రేడియేటర్ మీద పెడితే అడుగుభాగం అంటించిన జిగురు ఊడి, వచ్చే ఆదివారానికి కొత్త జత కొనుక్కోవలసి వస్తుంది.